సైన్స్ ఫిక్షన్ ఆర్పీజీలో చేతి కమ్యూనికేటర్లకు రూల్స్ ఎలా రాసుకోవాలి?

సైన్స్ ఫిక్షన్ ఆర్పీజీ (ప్లేయర్లు ఒక్కో పాత్ర తీసుకుని కథను కలిసి ఆడే రోల్ ప్లేయింగ్ గేమ్) నడిపేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది: "అందరి చేతిలోనూ కమ్యూనికేటర్ ఉంది. పార్టీ (ప్లేయర్ల పాత్రల గుంపు) విడిపోయినా మాట్లాడుకుంటూనే ఉంటారు. ప్రమాదం రాగానే నౌకను పిలుస్తారు. ఇక టెన్షన్ ఎక్కడి నుంచి వస్తుంది?"

చాలామంది జీఎంలు (గేమ్ మాస్టర్లు, అంటే ఆట నడిపేవాళ్లు) దీనికి కనిపెట్టే ఉపాయం, అప్పటికప్పుడు "ఇక్కడ సిగ్నల్ లేదు" అనేయడం. మొదటిసారి నడిచిపోతుంది. మూడోసారికి ప్లేయర్లకు విషయం అర్థమైపోతుంది: ఆ పరికరం పనిచేసేదీ మానేసేదీ జీఎం ఇష్టాన్ని బట్టే. ఆ తర్వాత దాన్ని ఎవరూ పట్టించుకోరు.

నా ఉద్దేశంలో మంచి రూల్‌కు రెండు లక్షణాలు ఉండాలి. సిగ్నల్ ఎందుకు అందదో ప్లేయర్లకు ముందే తెలియాలి. అందేలా చేసుకోవడానికి వాళ్ల చేతిలో ఏదో ఒక దారి ఉండాలి, ఆ దారికి కొంత ఖర్చూ ఉండాలి. కింది పద్ధతి ఈ రెండింటి కోసమే. మీరు ఏ సిస్టమ్ (ఏ రూల్స్ పద్ధతి) ఆడుతున్నా దీన్ని అందులో ఇమడ్చుకోవచ్చు. లెక్కలు మాత్రం రెండు ఆరు ముఖాల డైస్ (పాచికలు) వేసి, వచ్చిన మొత్తాన్ని చూసే పద్ధతికి ఇచ్చాను.

కావలసినవి

మీ సిస్టమ్ రూల్‌బుక్, ఆరు ముఖాల డైస్ నాలుగు, కథ జరిగే చోటు మ్యాప్, చిన్న కాగితం ముక్కలు, టోకెన్లుగా వాడటానికి గుండీలో నాణేలో, ఒక్కో ప్లేయర్‌కు ఒక్కో కార్డు. మొదటిసారి రాసుకోవడానికి ఒక సాయంత్రం చాలు.

1. ముందు మీ లోకం సంగతి ఒక్క వాక్యంలో తేల్చుకోండి

కాంతి కంటే వేగంగా కబురు పంపడం మీ లోకంలో సాధ్యమా, కాదా? ఈ ఒక్క జవాబు మీద మిగతా అన్ని రూల్స్ ఆధారపడతాయి.

సాధ్యం కాకపోతే, కబురు సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్ల వేగంతోనే పోతుంది. నౌకలు మాత్రం కాంతిని మించి వెళ్లగలిగితే, నక్షత్రాల మధ్య వార్తలు మోసేది నౌకలే. ఒక గ్రహంలో చేసిన నేరం కబురు పక్క గ్రహానికి చేరేలోపు మీ పార్టీ అక్కడికి చేరి ఉండవచ్చు. కథకు ఇది చాలా బలం.

సాధ్యమే అనుకుంటే, ఆ సామర్థ్యాన్ని చేతి పరికరానికి మాత్రం ఇవ్వకండి. పెద్ద నౌకలోనో, గ్రహం మీది కేంద్రంలోనో పెట్టండి. జేబులోంచి తీసి గెలాక్సీలో ఎవరితోనైనా మాట్లాడగలిగితే కింది మెట్లేవీ మీకు ఉపయోగపడవు.

2. పరిధిని మైళ్లలో కాకుండా అంచెలుగా రాయండి

నాలుగు అంచెలు చాలు: ఎదురెదురుగా, దిగంతం వరకు, రిలే ద్వారా, మరో గ్రహానికి.

"దిగంతం వరకు" అన్న అంచె ముఖ్యమైనది. చేతి రేడియో మాట దాదాపు చూపు ఆనినంత దూరమే పోతుంది. నేల వంపు తిరిగిన చోట అది ఆగిపోతుంది. పరికరాన్ని నేలకు 1.5 మీటర్ల ఎత్తులో పట్టుకున్న ఇద్దరి మధ్య చదునైన నేల మీద ఈ దూరం భూమిపై సుమారు 8.7 కిలోమీటర్లు, అంగారకుడిపై 6.4, చంద్రుడిపై 4.6. గ్రహం చిన్నదైతే దిగంతం దగ్గరవుతుంది. మీ సొంత గ్రహానికి ఇంత లెక్క అక్కర్లేదు. పెద్దదైతే 9, మధ్యరకమైతే 6, చిన్నదైతే 4 అని రాసుకోండి.

ప్లేయర్లకు దారి కూడా ఇక్కడే దొరుకుతుంది. ఎత్తుకు ఎక్కితే దిగంతం వెనక్కి జరుగుతుంది. చుట్టుపక్కల నేలకన్నా 100 మీటర్ల ఎత్తున్న గుట్ట ఎక్కినవాడి చూపు చంద్రుడిపై సుమారు 18 కిలోమీటర్లు, అంగారకుడిపై 26, భూమిపై 35 దాటి పోతుంది. "సిగ్నల్ లేదు" అనే బదులు "ఆ గుట్ట ఎక్కితే అందుతుంది, కానీ ఎక్కేవాడు అందరికీ కనిపిస్తాడు" అని చెప్పగలిగితే మీకు ఒక సీన్ దొరికినట్టే.

రిలేకు అపోలో యాత్రలనే నమూనాగా తీసుకోండి. చంద్రుడిపై నడిచిన వ్యోమగాముల వీపున ఉన్న రేడియో భూమితో నేరుగా మాట్లాడలేదు. అది దిగిన నౌకకు అందించేది, నౌక భూమికి పంపేది. మీ ఆటలోనూ అంతే: చేతి పరికరం నౌకకు, నౌక మిగతా ప్రపంచానికి. నౌక పాడైతే, ఎగిరిపోతే, శత్రువు చేతిలో పడితే అందరి కమ్యూనికేటర్ల పరిధీ ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. అప్పుడు మీరు కారణం వెతుక్కోనక్కర్లేదు.

నౌక కక్ష్యలో ఉంటే ఇంకో విషయం గుర్తుంచుకోండి. భూమికి 400 కిలోమీటర్ల ఎత్తులో తిరిగేది ఒక చుట్టుకు గంటన్నర తీసుకుంటుంది. కింద నిలబడినవాళ్లకు కనిపించేది మహా అయితే పది నిమిషాలు. ప్రతి చుట్టులోనూ అది నెత్తి మీదుగానే పోతుందన్న హామీ కూడా లేదు. ఆటలో "గంటన్నరకు ఒకసారి, పది నిమిషాలు" అని పెట్టుకుంటే సరిపోతుంది. ఇంత గడియారం చూడటం మీకు ఇష్టం లేకపోతే, ప్లేయర్లు డబ్బు ఖర్చుపెట్టి ఒక రిలే ఉపగ్రహాన్ని కక్ష్యలో వదిలే వీలు ఇవ్వండి. దాన్ని శత్రువు కూల్చగలడు. అది కూడా మంచిదే.

3. డైస్ ఎప్పుడు వేయాలో రాయండి

మధ్యలో అడ్డం ఏమీ లేకపోతే డైస్ వద్దు. మాట అందుతుంది, అంతే. అడ్డాలు లెక్కపెట్టి ఇలా వేయించండి:

ఒక అడ్డం ఉంటే 6 లేదా అంతకంటే ఎక్కువ రావాలి. నెగ్గే అవకాశం 72 శాతం.
రెండు ఉంటే 8 లేదా పైన, 42 శాతం.
మూడు ఉంటే 10 లేదా పైన, 17 శాతం.
నాలుగు ఉంటే అందదు. చోటు మారాల్సిందే.

అడ్డం అంటే ఏమిటో కూడా ముందే రాసిపెట్టండి: మందపాటి గోడ లేదా రాయి, ఇనుప గోడల నౌక లోపలి భాగం, దిగంతం అంచు, సౌర తుఫాను, శత్రువు జామింగ్ (రేడియో సిగ్నల్‌ను కావాలని చెడగొట్టడం). జాబితాను ప్లేయర్లకు చూపించండి. ఇందులో దాచాల్సింది ఏమీ లేదు.

జాగ్రత్త: ఖరీదైన పరికరానికి +4 లాంటి మాడిఫయర్ (డైస్ మొత్తానికి కలిపే అంకె) ఇవ్వకండి. రెండు డైస్ మీద +2 అంటేనే 42 శాతం కాస్తా 72 అవుతుంది. +4 అంటే 92. ఆ పరికరం కొన్న రోజు నుంచి మీ అడ్డాలన్నీ ఉత్తవే. మంచి పరికరానికి +1 చాలు, లేదా "ఒక రకం అడ్డాన్ని లెక్కలోకి తీసుకోదు" అని రాయండి. నేనైతే రెండోదే ఎంచుకుంటాను, లెక్క తక్కువ.

తప్పినప్పుడు ఏమవుతుందన్నది ఇంకా ముఖ్యం. మూడు లేదా అంతకంటే ఎక్కువ తేడాతో తప్పితే మాట పోలేదు, టర్న్ పోయింది. ఒకటి రెండు తేడాతో తప్పితే మాట ముక్కలుగా అందుతుంది. దాన్ని ఇలా ఆడించండి. పంపేవాళ్లు కబురును పది పదాలకు మించకుండా కాగితంపై రాస్తారు. మీరు ఒక్కో పదానికి ఒక డై (ఒకే పాచిక) వేస్తారు. 1 గానీ 2 గానీ పడితే ఆ పదాన్ని కొట్టేస్తారు. సగటున మూడు పదాలు పోతాయి.

"ఉత్తర ద్వారం మూసేశారు, వెనక్కి రావొద్దు, ఇంధనం గది దగ్గర అందరం కలుద్దాం" అని రాసి పంపితే, అవతలివాళ్ల చేతికి "ఉత్తర ద్వారం ... వెనక్కి ... గది దగ్గర అందరం కలుద్దాం" అని అందవచ్చు. ఏ గది? వెనక్కి రమ్మన్నారా, వద్దన్నారా? ఆ కాగితం చుట్టూ జరిగే చర్చ మీరు రాసుకొచ్చిన ఏ పజిల్‌కూ తీసిపోదు. అయితే ఏ పదం పోవాలో మీరు ఎంచకండి. డైస్ కొట్టేస్తే ప్లేయర్లు తలపట్టుకుని ఆలోచిస్తారు. జీఎం కొట్టేస్తే మోసం అనుకుంటారు.

4. ఆలస్యాన్ని కాగితంతో ఆడించండి

ఒకే గ్రహం మీద ఆలస్యాన్ని మర్చిపోండి. గ్రహాలు దాటాక మాత్రం వదలొద్దు. ఒక వైపు కబురు పోవడానికి పట్టే సమయం, భూమి నుంచి:

చంద్రుడికి 1.3 సెకన్లు.
అంగారకుడికి 3 నుంచి 22 నిమిషాలు, రెండు గ్రహాలు ఎక్కడెక్కడ ఉన్నాయన్నదాన్ని బట్టి.
గురు గ్రహానికి అరగంట దాటి, గంటలోపు.
శని గ్రహానికి గంట నుంచి గంటన్నర.

ఇవి ఒక వైపు లెక్కలు. జవాబు రావడానికి రెట్టింపు పడుతుంది. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

బల్ల దగ్గర ఇలా చేయండి. మరో గ్రహానికి పంపే కబురును ప్లేయర్ కాగితం మీద రాసి, కింద ఆటలోని సమయం వేసి మీకు ఇవ్వాలి. అది చేరే సమయాన్ని మీరు మూలన రాసి పక్కన పెట్టుకోండి. ఆటలో ఆ సమయం వచ్చినప్పుడే తెరవాలి. ఈలోగా ఇక్కడ పరిస్థితి మారిపోయి ఉంటుంది. "వెంటనే రండి" అని పంపినవాళ్లే "రావొద్దు" అని ఇంకో కాగితం రాస్తారు. రెండూ వరసలోనే చేరతాయి. ఇక్కడ నిజ సమయాన్ని వాడకండి. ప్లేయర్లను బల్ల దగ్గర 22 నిమిషాలు ఖాళీగా కూర్చోబెట్టడం ఆట కాదు.

కథకు పూర్తి నిశ్శబ్దం కావాలంటే దానికీ సహజమైన కారణాలు ఉన్నాయి. అపోలో నౌకలు చంద్రుడి వెనక్కి వెళ్లిన ప్రతిసారీ, రెండు గంటల చుట్టులో ముప్పావు గంటకు పైగా, భూమితో మాట తెగిపోయేది. వాతావరణంలోకి దూసుకొచ్చే నౌక చుట్టూ వేడి ప్లాస్మా కమ్ముకుని కొన్ని నిమిషాలు రేడియో ఆగిపోతుంది. 1970లో అపోలో 13 తిరిగొచ్చినప్పుడు ఆ నిశ్శబ్దం అనుకున్నదాని కంటే ఒక నిమిషానికి పైగా ఎక్కువ సాగింది. సుమారు 26 నెలలకోసారి భూమికీ అంగారకుడికీ మధ్య సూర్యుడు అడ్డం వస్తాడు. అప్పుడు దాదాపు రెండు వారాలు అక్కడి యంత్రాలకు ఆదేశాలు పంపడం ఆపేస్తారు. వీటన్నిటిలో గొప్పదనం ఏమిటంటే, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తాయో ప్లేయర్లకు ముందే చెప్పవచ్చు. చెప్పండి కూడా. రెండు వారాల నిశ్శబ్దం రాబోతోందని తెలిసి వేసే ప్లాన్ రుచే వేరు.

5. ఎవరు వింటున్నారో తేల్చండి

మాట్లాడటమంటే మన ఉనికిని చాటుకోవడమే. ఒక చోట నుంచి వినేవాడికి సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తోందో తెలుస్తుంది. రెండు వేర్వేరు చోట్ల నుంచి వింటే, ఆ రెండు దిక్కుల గీతలు కలిసే చోటే మీ పార్టీ ఉన్న చోటు.

దీన్ని టోకెన్లతో ఆడండి. శత్రువు వింటున్న ప్రాంతంలో పార్టీ మాట్లాడిన ప్రతిసారీ బల్ల మీద ఒక టోకెన్ పెట్టి, రెండు డైస్ వేసి టోకెన్ల సంఖ్య కలపండి. 10 లేదా పైన వస్తే దొరికారు. ఒక టోకెన్‌తో 28 శాతం, రెండింటితో 42, మూడింటితో 58, నాలుగింటితో 72. శత్రువుకు వినే కేంద్రం ఒకటే ఉంటే దిక్కు మాత్రమే తెలుస్తుంది, రెండు ఉంటే చోటే తెలుస్తుంది. పార్టీ తాము మాట్లాడిన చోటు నుంచి బాగా దూరం జరిగితే టోకెన్లు తీసేయండి. టోకెన్లు కళ్ల ముందు పెరుగుతుంటే ప్లేయర్లే మాటలు తగ్గించుకుంటారు.

ఎన్‌క్రిప్షన్ (మాటను రహస్య సంకేతంగా మార్చి పంపడం) గురించి వాదన తప్పకుండా వస్తుంది. జవాబు సిద్ధంగా పెట్టుకోండి: ఎన్‌క్రిప్షన్ ఏం మాట్లాడారో దాస్తుంది, మాట్లాడారన్న సంగతిని దాచదు. టోకెన్ పడుతుంది.

ప్రత్యామ్నాయం కావాలంటే లేజర్ ఇవ్వండి. 2013లోనే నాసా చంద్రుడి కక్ష్య నుంచి భూమికి లేజర్‌తో డేటా పంపింది, కాబట్టి మీ భవిష్యత్తులో అది చేతిలో ఇమిడే పరికరం కావడం నమ్మదగ్గదే. టోకెన్ పడదు. కానీ అవతలి మనిషి నేరుగా కనిపించాలి, ఇద్దరూ కదలకూడదు, దుమ్మూ పొగమంచూ ఉండకూడదు.

6. ఒకరి తర్వాత ఒకరు

చేతి పరికరంలో బటన్ నొక్కి మాట్లాడే పద్ధతి పెట్టండి. ఒకరు మాట్లాడుతున్నంతసేపూ మిగతావాళ్లు వినాల్సిందే. "ఓవర్" అన్నాకే తర్వాతివాళ్లు. ఇద్దరు ఒకేసారి నొక్కితే ఎవరి మాటా అర్థం కాదు.

పోరాటంలో ఒక రౌండ్‌కు ఒక్కొక్కరికి ఒక చిన్న వాక్యం ఉచితం. అంతకు మించితే అది ఆ రౌండ్‌లో వాళ్లు చేసిన పని కింద లెక్క. ఈ ఒక్క రూల్‌తో యుద్ధం మధ్యలో ఐదు నిమిషాల చర్చలు ఆగిపోతాయి.

7. బ్యాటరీ

నిమిషాలు లెక్కపెట్టకండి. నాలుగు స్థాయిలు చాలు: నిండుగా, సగం, ఆఖరు, ఖాళీ. ఆటలో రోజు ముగిసినప్పుడు ఒక డై వేయాలి, 1 పడితే ఒక స్థాయి తగ్గుతుంది. గడ్డకట్టే చలిలో 1 గానీ 2 గానీ పడితే తగ్గుతుంది, ఎందుకంటే చలిలో బ్యాటరీలు నిజంగానే నీరసిస్తాయి.

ఒక ఆసక్తికరమైన అదనపు రూల్ ఉంది. ఖాళీ ప్రదేశంలో దూరం రెట్టింపు కావాలంటే నాలుగు రెట్ల శక్తి కావాలి. కాబట్టి ప్లేయర్ "శక్తి పెంచుతున్నా" అంటే ఒక అడ్డాన్ని లెక్కలోంచి తీసేయండి, వెంటనే బ్యాటరీకి నాలుగు డైస్ వేయించండి. ఒక్కదానిలో 1 పడినా ఒక స్థాయి పోయింది. ఆ అవకాశం సగానికి కాస్త ఎక్కువే. అయితే శక్తి ఎంత పెంచినా దిగంతం అవతలికి పోదు. దానికి గుట్ట ఎక్కాల్సిందే.

8. కార్డు రాయండి

ఇదంతా ఒక్క కార్డులో పట్టాలి. పట్టకపోతే రూల్స్ ఎక్కువయ్యాయని అర్థం. నమూనా ఇదిగో:

చేతి కమ్యూనికేటర్. పరిధి: దిగంతం వరకు 6 కిలోమీటర్లు, నౌక పైన ఉంటే నౌకకు. అడ్డాలు: 6, 8, 10, అందదు. పోరాటంలో ఒక వాక్యం. మాట్లాడితే టోకెన్. బ్యాటరీ: నిండుగా.

తరచూ జరిగే తప్పులు

కమ్యూనికేటర్‌ను అన్నీ చేసే పెట్టెగా మార్చడం. అదే స్కానర్, అదే అనువాదకం, అదే తలుపు తాళం, అదే కెమెరా అయితే అది పోయిన రోజు పార్టీకి చేతులు విరిగినట్టే. అప్పుడు దాన్ని పోగొట్టే ధైర్యం మీకే ఉండదు. మాట్లాడటం వరకే ఉంచండి. ఇంకో పని కావాలంటే ఇంకో పరికరం కొనుక్కుంటారు.

శత్రువులకూ కమ్యూనికేటర్లు ఉన్నాయని మర్చిపోవడం. ప్లేయర్లు ఒక కాపలావాణ్ని చప్పుడు లేకుండా పడగొట్టారు, బాగుంది. ప్రతి పదిహేను నిమిషాలకు అతను రిపోర్ట్ చేయాల్సి ఉంటే? మీ రూల్స్ రెండు వైపులా సమానంగా ఉండాలి. ప్లేయర్లు జామర్ తెస్తే శత్రువు నోరూ మూతపడాలి, అయితే ఆ హఠాత్తు నిశ్శబ్దమే శత్రువును అప్రమత్తం చేయవచ్చు.

ప్రతి సీన్‌లో జామింగ్. జామర్ ఉందంటే అది ఎక్కడో ఒక చోట ఉండాలి, దాన్ని వెతికి పగలగొట్టే వీలుండాలి. కనిపించని జామర్ పేరుకే వేరు. అది మళ్లీ పాత "సిగ్నల్ లేదు" మాటే.

బల్ల దగ్గర విన్నది పాత్ర కూడా విన్నట్టు ఆడటం. పార్టీ విడిపోయి మాట తెగినప్పుడు, అవతలి గుంపుకు కబురు చేరలేదని గుర్తుగా వాళ్ల కార్డులు తిరగేసి పెట్టించండి. కార్డు తిరిగి ఉన్నంతసేపూ సలహాలు ఇవ్వకూడదు. నోటితో హెచ్చరించడం కంటే ఇది బాగా పనిచేస్తుంది.

పరికరం లేనప్పుడు అన్ని దారులూ మూసేయడం. గాలి లేని చోట రెండు హెల్మెట్లు ఆనించి మాట్లాడితే కంపనం ద్వారా మాట వినిపిస్తుంది. చేతి సైగలు, టార్చి వెలుగు, గోడ మీద రాత, పరుగెత్తి వెళ్లే మనిషి. ఇలాంటివి ఎవరైనా అడిగితే వెంటనే ఒప్పుకోండి.

సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసుకోవడం

సెషన్‌కు ముందు ఈ మూడు సందర్భాలను కార్డు చూస్తూ ఒంటరిగా ఆడి చూడండి.

ఒకటి: సగం పార్టీ గనిలో, సగం పైన. లోపలివాళ్లు పిలుస్తున్నారు. అడ్డాలు ఎన్ని?
రెండు: నౌక గ్రహం అవతలి వైపు ఉంది, గాయపడినవాళ్లకు సాయం కావాలి. ఎంతసేపు ఆగాలి, ఆగకుండా ఉండటానికి దారేది?
మూడు: శత్రువు వింటున్నాడు, పార్టీ మూడుసార్లు మాట్లాడింది. ఏమవుతుంది?

ఒక్కోదానికి అర నిమిషంలో జవాబు దొరకాలి. దొరకకపోతే, ఎక్కడ తడుముకున్నారో ఆ వాక్యాన్ని తిరగరాయండి. రెండోదానికి "దారి లేదు" అని వస్తే రెండో మెట్టుకు వెళ్లి రిలే ఉపగ్రహాన్ని చేర్చండి.

సెషన్ అయ్యాక రెండు విషయాలు చూడండి. కమ్యూనికేటర్ కోసం నాలుగు సార్ల కంటే ఎక్కువ డైస్ పడ్డాయా? అలా అయితే అడ్డాలు మరీ ఎక్కువయ్యాయి, జాబితాలోంచి ఒకటి తీసేయండి. వరసగా రెండు సెషన్లలో ఒక్కసారీ పడలేదా? అడ్డాలు కార్డులో ఉన్నాయి గానీ మీ మ్యాప్‌లో లేవన్నమాట. తర్వాతి చోటు గీసేటప్పుడు ఒక లోయో, ఇనుప గోదామో, వినే కేంద్రమో పెట్టండి.

ప్లేయర్లను ఒకటే ప్రశ్న అడగండి: "ఈ రోజు కమ్యూనికేటర్ వల్ల మీ ప్లాన్ ఎక్కడైనా మార్చుకున్నారా?" అవునంటే కార్డును ముట్టుకోకండి. లేదంటే ఒక్క అంకె మార్చి, ఆ మార్పును తర్వాతి సెషన్ మొదలయ్యే ముందే అందరికీ చెప్పి, కార్డుల మీద వాళ్ల చేతే దిద్దించండి.